కథలోంచి పోయిన చెయ్యి

నవలలు రాసేవాళ్లకి ఎవరైనా ఎదురొచ్చి "మీరు రాసింది అచ్చం మా ఇంటి కథేనండీ" అంటే ఎంత సంబరమో మీకు వేరే చెప్పక్కర్లేదు. కట్టుకున్న చీర బావుందన్నా అంత మురిసిపోం. నాకు ఆ మాట 2024 నవంబరులో బోధన్‌లో వినపడింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సంబరంతో మాత్రం కాదు.

గ్రంథాలయ వారోత్సవాల సభ అది. 'కుటుంబం - నవల' అనే విషయం మీద మాట్లాడమన్నారు. మాట్లాడాను. శాలువా కప్పారు. టీ తాగుతూ ఉంటే ముప్ఫై దాటిన ఒకావిడ, పక్కన పదేళ్ల ఆడపిల్లతో వచ్చి నిలబడింది. లైబ్రరీ పుస్తకాలు ఇంటికి తీసుకెళ్లి చదువుతుందట.

"అక్కా, మీ నవలల ఆ తల్లి ఉంటది సూడు, అచ్చం నా లెక్కనే. మా ఆయన బెల్లం క్రషర్ల పనికి పోతుండె. పోయిన సంకురాత్రి ముంగట కుడిచెయ్యి రోలర్ల వడ్డది. నాలుగు వేళ్లు పోయినయి. మా సేటు గూడ మీ సేటు లెక్కనే దేవుడక్కా. దవాఖానకొచ్చి ఇర్వై వేలు చేతుల వెట్టిండు. మీరు రాసినట్టే నేను గూడ కాళ్లు మొక్కిన."

పక్కనున్న పిల్ల తల్లి కొంగు పట్టుకుని నావంకే చూస్తోంది. నేను నవ్వాలో ఏం చేయాలో తోచక "ఇప్పుడు మీ ఆయన ఏం చేస్తున్నాడమ్మా?" అన్నాను. "ఇంట్లనే ఉంటడు. నేను బీడీలు చేస్త" అంది.

ఆవిడ చెప్పిన ఘట్టం నా మూడో నవలలోది. మిల్లులో కథానాయిక తండ్రి చెయ్యి పోతుంది. వార్డులోకి యజమాని వచ్చి, ఒక కవరు దిండు కింద పెట్టి, ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోబోతాడు. తల్లి వంగి ఆయన కాళ్లకి దణ్ణం పెడుతుంది. కథానాయిక కళ్లు చెమరుస్తాయి. ఆ యజమాని కొడుకే తర్వాత కథానాయకుడు అవుతాడని మీరు ఈపాటికి ఊహించే ఉంటారు. సీరియల్‌గా వస్తున్నప్పుడు ఆ వారానికి వచ్చినన్ని ఉత్తరాలు ఇంకే వారానికీ రాలేదు. కవరులో ఎంత ఉందో నేను రాయలేదు. ఎంత ఉండాలో నాకు తెలియదు మరి.

నిజామాబాద్ తిరిగొచ్చి మా పెద్దమ్మ కొడుకుతో ఈ సంగతి చెప్పాను. ఆయన వకీలు. నవలలు చదవడు, నావి అసలే చదవడు. అంతా విని, "నీ నవలల సేటు దానం చేసిండని ఎవరు చెప్పిన్రు చెల్లె? ఆయన బాకీ ఎగవెట్టిండు" అన్నాడు. ఒక పుస్తకం నా ముందు పడేసి, "నువ్వు బి.ఏ. చదివినవు గద, ఇది గూడ చదువు" అన్నాడు. అది 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టం. నేను చదివిన మొదటి చట్టం అదే. విమర్శకురాలిగా దాన్ని గురించీ, మన నవలల గురించీ నాలుగు మాటలు చెప్పాలని ఈ వ్యాసం.

ముందు మన నవలల సంగతి చూద్దాం. మన కథల్లో యాక్సిడెంట్లకి లోటు లేదు. కారు యాక్సిడెంటు అయితే కథానాయకుడికి గతం మరుపున పడుతుంది, లేదా అతని రక్తమూ కథానాయిక రక్తమూ ఒకే గ్రూపు అవుతుంది. మిల్లు యాక్సిడెంటు అయితే తండ్రిదే. అది మొదటి రెండు ప్రకరణాల్లోనే అయిపోతుంది, ఎందుకంటే కథానాయిక చదువు మానేసి టైపిస్టుగా చేరాలి కదా! తండ్రి ఆ తర్వాత వాలుకుర్చీలో కూర్చుని దగ్గుతాడు, పెళ్లిలో అక్షింతలు వేస్తాడు. ఏ చేత్తో వేస్తాడో మనం పట్టించుకోం. మూడో రకం, చివర్లో విలన్ యంత్రంలో పడడం. దాని గురించి చెప్పేదేమీ లేదు.

అంటే పనిలో దెబ్బ తగిలిన మనిషి మన కథకి ఒక సాకు. సాకు తీరాక ఆయనతో పని లేదు. ఇది మన ఒక్కరి దోషమూ కాదు. 1957లో వచ్చిన 'మదర్ ఇండియా' మన అమ్మలు చూశారు, మనమూ చూశాం. బండరాయి కింద భర్త రెండు చేతులూ నలిగిపోతాయి. భార్య సంపాదన మీద బతకడం అవమానంగా తోచి, ఒక రాత్రి ఇల్లు విడిచి పోతాడు. ఇక తిరిగి రాడు. అది సొంత పొలం, అక్కడ యజమాని లేడు, నిజమే. కానీ ఆ భర్త వెళ్లిపోవడంలో కథ చెప్పేవాళ్లకి ఒక సౌకర్యం ఉంది. చేతులు లేని మగవాడు ఇంట్లో ఉంటే ఆయనకి అన్నం కలిపి పెట్టాలి, నీళ్లు పోయాలి, ఆయన కోపం భరించాలి. అవన్నీ రాయడం కష్టం. ఆయన వెళ్లిపోతే ఆడదాని త్యాగం మీద దీపం పెట్టినట్టు వెలుగు పడుతుంది. ఆ వెలుగులో మనం ఏడ్చాం. బోధన్ ఆవిడ ఇంట్లో మాత్రం ఆ మనిషి వెళ్లిపోలేదు. "ఇంట్లనే ఉంటడు."

పెద్ద రచయితల దగ్గరా ఈ తడబాటు ఉంది. కాలేజీలో ఇంగ్లీషు సాహిత్యం చదివినవాళ్లకి డికెన్స్ 'హార్డ్ టైమ్స్' గుర్తుండే ఉంటుంది. 1854లో అది ఆయన సొంత వారపత్రికలోనే సీరియల్‌గా వచ్చింది. అంటే మన బాపతు నవలే! అందులో స్టీఫెన్ అనే మగ్గం కార్మికుడు తోటివాళ్లంతా యూనియన్‌లో చేరుతుంటే తను చేరడు. రేచల్‌కి మాట ఇచ్చానంటాడు. ఎందుకిచ్చాడో పుస్తకంలో సరిగా తేలదు. పరీక్షకి చదివేటప్పుడు నాకది పెద్ద చిక్కుగా ఉండేది. కారణం తర్వాత తెలిసింది. రేచల్ చిట్టి చెల్లెలి చెయ్యి ఫ్యాక్టరీ యంత్రంలో తెగిపోయిందని డికెన్స్ రాశాడు. ఆ మాటలు తలుచుకుని స్టీఫెన్ కోపంతో రగిలిపోతే, రేచల్ అతన్ని శాంతపరిచి మాట తీసుకుంటుంది. అచ్చుకు వెళ్లే ముందు, ప్రూఫుల్లో, ఆ భాగాన్ని ఆయన కొట్టేశాడు. ఆ ఏడాదే అదే పత్రికలో ఫ్యాక్టరీ యంత్రాల్లో నలిగే కూలీల మీద ఒక ఘాటైన వ్యాసం అచ్చయింది. వ్యాసంలో ఉన్న చెయ్యి నవలలోంచి మాయమైంది. దాంతో స్టీఫెన్ ఇచ్చిన మాటకి ఆధారం పోయింది. తెగిన చేతిని కథలోంచి తీసేస్తే కథే కుంటుపడుతుందని ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనపడలేదు.

ఇక చట్టం సంగతి. భాష సుఖంగా ఉండదు, ఒక్కో వాక్యం గుడి ప్రదక్షిణంలా తిరిగి తిరిగి మొదటికే వస్తుంది. కానీ విషయం చాలా సూటి. పని వల్ల, పని చేస్తుండగా ప్రమాదం జరిగి మనిషికి దెబ్బ తగిలితే యజమాని డబ్బు చెల్లించాలి. తప్పు యజమానిదని రుజువు చేయక్కర్లేదు. "వాడి అజాగ్రత్త వల్లే పోయింది" అని మనం తేలిగ్గా అనేస్తాం చూడండి, అజాగ్రత్త ఒక్కటే కారణంగా హక్కు పోదు. తాగి ఉన్నా, భద్రత కోసం పెట్టిన నిబంధనని కావాలని మీరినా, రక్షణ కవచాన్ని కావాలని తీసేసినా యజమాని కాదనవచ్చు. మనిషి చనిపోయినా, పూర్తిగా పనికి దూరమైపోయినా ఆ సాకులూ చెల్లవు. "ఇకమీదట నాకేమీ రావాల్సింది లేదు" అని కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటే, హక్కు వదులుకున్నట్టు రాసిన ఆ కాగితానికీ విలువ లేదు. కాంట్రాక్టరు మనిషి కదా అని అసలు యజమాని తప్పించుకోవడానికీ వీల్లేదు. నెల లోపల చెల్లించకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే 50 శాతం దాకా జరిమానా. 2009 సవరణతో చట్టం పేరు మారింది. ఇప్పుడు ఆ చట్టం స్థానంలో 2020 సామాజిక భద్రత కోడ్ ఉంది. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి తెచ్చామని కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. అసలు సూత్రం మాత్రం ఏడో అధ్యాయంగా అందులోకీ నడిచి వచ్చింది.

చట్టం చివర ఒక పట్టిక ఉంది. నేను దాన్ని మూడుసార్లు చదివాను. బొటనవేలు పోతే సంపాదించే శక్తిలో 30 శాతం పోయినట్టు. చూపుడువేలు మొత్తం పోతే 14. నడిమివేలు 12. ఉంగరపు వేలు 7, చిటికెనవేలు 7. మొదటిసారి చదివినప్పుడు ఒళ్లు జలదరించింది. పెళ్లి ఉంగరం తొడిగే వేలికి ఏడు శాతమా అని! రెండోసారి చదువుతుంటే ఒక సంగతి తట్టింది. ఈ నాలుగు వేళ్లూ విడివిడిగా కూడితే 40 అవుతుంది. కానీ ఒకే చేతికి నాలుగూ పోతే పట్టికలో 50 అని ఉంది. వేళ్లు కలిసి చేసే పని వేళ్ల కూడికకన్నా ఎక్కువని ఎవరో ఆలోచించి రాశారన్నమాట. మా నవలల్లో ఇన్ని కన్నీళ్లు కార్చాం గాని, చెయ్యి గురించి ఇంత శ్రద్ధగా ఆలోచించిన వాక్యం నాకైతే గుర్తు రాలేదు.

సరే, లెక్క చూద్దాం. లెక్కలంటే మనకి భయం లేదు, నెలాఖరు గడిపేది మనమే కదా. ముప్ఫై అయిదేళ్ల మనిషి, నెలకి 12,000 జీతం అనుకోండి. జీతంలో 60 శాతం అంటే 7,200. ఆ వయసుకి చట్టం ఇచ్చిన గుణకం 197.06. గుణిస్తే 14,18,832 రూపాయలు. కుడిచేతి నాలుగు వేళ్లకి అందులో సగం, 7,09,416. దీన్ని పక్కన పెట్టుకుని ఇప్పుడు ఇరవై వేల కవరు చూడండి. బోధన్ ఆవిడ మొక్కిన కాళ్లు గుర్తు తెచ్చుకోండి. ఆవిడ చేత మొక్కించింది సేటు కాదు, నేను. పేదవాళ్లు ఇలాంటప్పుడు ఎలా ప్రవర్తించాలో నా నవల నేర్పింది.

ఈ పట్టికలోనూ లోపం లేకపోలేదు. అది సంపాదించే శక్తిని కొలుస్తుంది, అంతే. కూతురి జడ వేయలేకపోవడానికి అందులో గడి లేదు. పైగా లెక్కంతా జీతం మీద నడుస్తుంది కాబట్టి తక్కువ కూలి పుచ్చుకునే ఆడమనిషి చూపుడువేలు, పక్కన నిలబడి ఎక్కువ పుచ్చుకునే మగవాడి చూపుడువేలికన్నా చవక అవుతుంది. శాతం ఒకటే, రూపాయలు వేరు. చట్టం ఆడవాళ్లకీ వర్తించేదే, అయినా 2009 దాకా దాని ఇంగ్లీషు పేరులో మగవాడే ఉండేవాడు. మన నవలల్లోనూ అంతే. దెబ్బ ఎప్పుడూ మగవాడికే తగులుతుంది, ఆడది మంచం పక్కన కూర్చుంటుంది. యంత్రంలో కొంగు చిక్కిన స్త్రీ మీద ఎన్ని కథలు చదివాం మనం?

మరి అంకెల పట్టికని మనిషిలా చదవడం ఎలా? దానికి ఒక మంచి ఉదాహరణ మనకి దగ్గర్లోనే ఉంది. ఒడిశాలో జయపురం ఉంది కదా, అక్కడ 1968 జూలైలో ఒక సినిమా హాల్లో అలంకరణ పని చేస్తున్న వడ్రంగి కింద పడ్డాడు. ఎడమ చెయ్యి తీసేయాల్సి వచ్చింది. పోయింది ఒక చెయ్యే కాబట్టి నష్టం పాక్షికమేనని యజమాని వాదించాడు. కేసు సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. 1975 డిసెంబరులో తీర్పు వచ్చింది. వడ్రంగం ఒంటి చేత్తో అయ్యే పని కాదు, అంచేత ఈ మనిషికి పోయింది మొత్తం సంపాదనే అన్నారు. డబ్బు ఇవ్వాల్సిన బాధ్యత అధికారి తేల్చిన రోజున కాదు, ప్రమాదం జరిగిన రోజునే పుట్టిందని కూడా అన్నారు. న్యాయమూర్తులు చేతిని చూడలేదు, చేతి వెనకాల ఉన్న వడ్రంగిని చూశారు. నవలాకారులం మేం చేయాల్సిన పని అది! ఆ హాల్లో తర్వాత ఎన్ని సినిమాలు ఆడాయో, వాటిలో ఎంతమంది దయగల యజమానులు వచ్చిపోయారో.

మా చెరుకు సీమకి ఈ చట్టంతో ఉన్న చుట్టరికం కూడా చెప్పాలి. మంజీర మీద నిజాంసాగర్ కట్టాక ఆ నీళ్ల మీద చెరుకు వచ్చింది. చెరుకు వెనకాల 1930ల చివర్లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఆసియాలోనే పెద్దదని చెప్పుకునేవాళ్లం. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి పోయింది, 2015 డిసెంబరులో మూతపడింది. ఆ తర్వాత చెరుకు పని చిన్న క్రషర్లకీ, దూరపు ఫ్యాక్టరీలకీ చెదిరిపోయింది. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఏడాది పొడుగునా నడిచే ఫ్యాక్టరీలో దెబ్బ తగిలితే ఈ.ఎస్.ఐ. ఆదుకుంటుంది. కానీ చక్కెర, బెల్లం తయారీలాంటి సీజను ఫ్యాక్టరీలని 1948 నాటి ఈ.ఎస్.ఐ. చట్టం పక్కన పెట్టింది. కొత్త కోడ్‌లోనూ ఆ మినహాయింపు ఉంది. అంచేత చెరుకు పనివాళ్లకి నష్టపరిహార చట్టమే దిక్కు. నాలుగైదు నెలల సీజను, రాత్రి షిఫ్టు, నిద్రకళ్లతో రోలర్లకి చెరుకు అందించే చేతులు. పెద్ద ఫ్యాక్టరీలో అయితే హాజరు పట్టీ, యూనియన్ ఉంటాయి. చిన్న క్రషర్లో ఏముంటాయి? "ఈ మనిషి మా దగ్గర పని చేయలేదు, ఊరికే వచ్చి చెయ్యి పెట్టాడు" అని అనడం ఎంతసేపు?

అసలు కథ మొదలయ్యేది అక్కడ. మేం నవల ఆపేసేదీ అక్కడే. దయగల యజమాని కవరు దిండు కింద పెట్టగానే ఘట్టం ముగిసిపోతుంది. అందులో సంఘర్షణ లేదు. ఒకరు ఇచ్చారు, ఒకరు పుచ్చుకున్నారు, మూడోవారు ఏడ్చారు. అదే ఆ తల్లి దణ్ణం పెట్టకుండా "ఇది ఎంత బాబూ? ఎంత రావాలి?" అని అడిగిందనుకోండి. యజమాని ముఖంలో ఏం జరుగుతుంది? భర్త ఆమెని మందలిస్తాడా? రేపు పెద్దకొడుక్కి అక్కడే పని కావాలి కదా, అప్పుడేం చేస్తుంది? ఆ రోజు షిఫ్టులో ఉన్నవాళ్లు సాక్ష్యం చెప్తారా? జీతం ఎంతో రాసిన చీటీ ఏదైనా ఇంట్లో ఉందా? ఇన్ని ప్రశ్నలు ఉన్న ఘట్టాన్ని వదిలేసి నేను కన్నీటి చుక్క పెట్టి ప్రకరణం ముగించాను. నీతి సంగతి అటుంచి, నవలాకారిణిగానే అది నా చేతగానితనం.

"నవలలో సెక్షన్లు ఎవరు చదువుతారండీ?" అని మీరు అనొచ్చు. వీలునామాకి సాక్షులు ఇద్దరు ఉండాలని మీకెలా తెలుసు? మొదటి భార్య ఉండగా రెండో పెళ్లి చెల్లదని మీకు ఎవరు చెప్పారు? సగం మా సీరియళ్లే! ఆస్తి తగాదాలంటే మనకి ఇష్టం, అందుకని చట్టం కూడా ఇష్టంగానే మింగాం. కూలివాడి వేళ్లు మన ఆస్తి కాదు, అందుకని అక్కడ చట్టం బదులు జాలి సరిపోయింది. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఆ కవరు మనకి ఎందుకు నచ్చుతుందంటే, రేపు మన ఇంటికి సున్నం వేస్తూ ఎవరైనా నిచ్చెన మీంచి పడితే మనమూ ఒక కవరు ఇచ్చి దేవతలం అయిపోవచ్చు. నేను ఒకసారి అయ్యాను కూడా. రెండు వేలు ఇచ్చాను. ఆయన మళ్లీ పనిలోకి ఎన్నాళ్లకి వెళ్లాడో ఇప్పటికీ నాకు తెలియదు.

మా అన్నయ్యా, నేనూ 2024 డిసెంబరులో బోధన్ వెళ్లాం. ఆవిడ ఇల్లు వెతికి పట్టుకున్నాం. పాత చట్టంలో అర్జీకి రెండేళ్ల గడువు ఉండేది, అది దాటలేదు. అన్నయ్య కాగితాలు అడుగుతుంటే ఆవిడ భర్త గోడవైపు తిరిగి కూర్చున్నాడు. "దేవుడసొంటి మనిషి మీద కేసేస్తమా?" అన్నాడు. ఆ ప్రశ్నకి జవాబు నా దగ్గర లేదు, ఎందుకంటే ఆ దేవుణ్ణి తయారు చేసిన వాళ్లలో నేనూ ఒకతిని. జవాబు ఆవిడే చెప్పింది. "కేసు దేవుని మీద ఎందుకేస్తం? లెక్క అడుగుతున్నం."

అర్జీ పెట్టారు. వాయిదాలు నడుస్తున్నాయి. ఎంత వస్తుందో, ఎప్పుడు వస్తుందో అన్నయ్య కూడా చెప్పడం లేదు. నా మూడో నవల కొత్త ముద్రణకి పబ్లిషరు అడుగుతున్నారు. వార్డు ఘట్టం తిరిగి రాస్తే గాని ఇవ్వనన్నాను. రాయడానికి కూర్చున్నాను కూడా. తల్లి పాత్ర చేత ఆవిడ అన్న ఆ ఒక్క మాట అనిపిస్తే, తర్వాతి పద్దెనిమిది ప్రకరణాలూ మార్చాల్సి వచ్చేలా ఉంది.